ఉద్దానం ఎలుగుని జూలో పెడితే దాని కడుపు చెడుతుందా?

జీడితోట: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, మందస దగ్గర. జీడిపళ్ల కాలంలో తెల్లారకట్ల పిక్కలు ఏరడానికి వెళ్లాలంటే ఎలుగులతో టెన్షన్. పట్టుకెళ్లి విశాఖ జూలో పెట్టేస్తే దానికీ సుఖం, మాకూ సుఖం అన్నాను. మా తమ్ముడి కొడుకు కాలేజీలో చదువుతున్నాడు. "బోనులో పెడితే పేగుల్లో బ్యాక్టీరియా మారిపోతుంది పెదనాన్నా, అదీ హింసే" అన్నాడు. మనుషుల ప్రాణాల మీదికొస్తే పేగుల గోల ఏటండీ?

పశువుల డాక్టరు: మీవాడిది గాలి మాట కాదు. వియత్నాం వైపు అడవుల్లో డూక్ అనే కోతులు ఉంటాయి, ఆకులే తిండి. జూల్లో ఉన్న డూక్‌ల మలం పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. అడవిలో ఉండే బ్యాక్టీరియా రకాలు చాలా పోయాయి, మన పేగుల్లో ఎక్కువగా ఉండే ప్రెవొటెల్లా, బ్యాక్టీరాయిడీస్ పెరిగాయి. పీచుని పులియబెట్టి బతికే బ్యాక్టీరియాకి పీచు అందకపోతే ఏం తింటుంది? దానికి తోడు మందులు, రోజూ కడిగే సిమెంటు నేల, తనవాళ్లెవరూ లేకపోవడం. ఏనుగు పిల్లలు పెద్దవాటి పేడ తినేది ఊరికే కాదు. ఆకులు అరిగించే బ్యాక్టీరియా వాటికి అలాగే అందుతుంది.

బొబ్బిలి మాస్టారు: కోతిని చూసి ఎలుగుకి తీర్పు చెబితే ఎలా డాక్టరుగారూ? 2017లో 41 జాతుల క్షీరదాల్ని పోల్చారు కదా. కోతుల్లో, కుక్క జాతుల్లో, గుర్రం జాతుల్లో బ్యాక్టీరియా రకాలు తగ్గాయి. జిరాఫీల్లో, ఆవు కుటుంబంలో పెద్ద తేడా లేదు. ఖడ్గమృగాల్లో పెరిగాయి! పైగా అడవిలో చూసింది ఒక జంతువుని, జూలో చూసింది ఇంకోదాన్ని. మారితే జబ్బే అని ఎవరన్నారు?

పశువుల డాక్టరు: జబ్బు అనలేదండీ. కానీ లెక్కలోకి రాదనడం కుదరదు. అదే 2017లో అడవి ఎలుకల పేగు బ్యాక్టీరియాని ల్యాబ్ ఎలుకలకి ఎక్కించి, ఫ్లూ వైరస్ సోకించారు. 92 శాతం బతికాయి. మామూలు ల్యాబ్ ఎలుకల్లో బతికింది 17 శాతమే.

బొబ్బిలి మాస్టారు: అవి తరతరాలుగా ల్యాబులోనే పుట్టినవి. నిన్న పట్టిన ఎలుగుతో పోలికేమిటి? అమెరికా ఎడారిలో పట్టిన అడవి ఎలుకలకి అక్కడి ఆకులే పెడితే బ్యాక్టీరియా చాలావరకు నిలిచింది. తప్పు బోనుది కాదు, కంచానిది. గంజీ పాలూ పోసి బోనుని తిడితే ఎలా?

సోంపేట కుర్రోడు: అడవి ఎలుగు అంటున్నారు గానీ, చెదలూ ఇప్పపువ్వూ తినే ఎలుగు మాకు కనబడి ఎన్నాళ్లైందో. ఇప్పుడు జీడిపండు, పనస, కొబ్బరి. దాని కడుపు ఇప్పటికే సగం ఉద్దానం.

జీడితోట: మాస్టారూ, మీరు నా పక్షమో మావాడి పక్షమో తేలలేదు. కుర్రోడి మాట మాత్రం తగిలింది. పిక్క తీసుకుని పండు చెట్టు కిందే వదిలేసేది మేమే. రేపటి నుంచి పళ్లు కూడా ఏరి గోతిలో పూడ్చేస్తాను. కూలి ఎంతవుతుందో చూడాలి.