చిన్న మందకు ఏ జాతి పెద్దబాతులు అనుకూలం?

పండ్లతోటలో గడ్డి మేపడానికీ, కొత్తవారు వస్తే అరిచి హెచ్చరించడానికీ, వీలైతే ఏటా కొన్ని పిల్లలను పొదిగించుకోవడానికీ ఒక మగదానిని, మూడు పెట్టలను పెంచాలనుకుంటున్నాను. జాతి ఎంపికలో అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను.

చైనీస్ జాతి తేలికగా ఉండి చురుకుగా మేస్తుందనీ, సీజనుకు 40కి పైగా గుడ్లు పెడుతుందనీ చదివాను. అయితే ఆ పెట్టల్లో చాలావరకు పొదగడానికి కూర్చోవట. ఎంబ్డెన్ మాంసానికి మేలైనదే, గుడ్లు తక్కువ. గంగడోలు వేలాడే భారీ టూలూజ్‌ను ముందే పక్కన పెట్టాను: దాణా తొట్టి దగ్గర నిలబడే పక్షి గడ్డిని ఏం తగ్గిస్తుంది?

నన్ను ఎక్కువగా ఆకర్షిస్తున్నది పిల్‌గ్రిమ్. పెద్దయ్యాక మగది తెల్లగా, పెట్ట బూడిద రంగులో ఉండటమే కాక, పిల్లల్లోనే మగవాటి ముక్కు లేతగానూ పెట్టల ముక్కు ముదురుగానూ ఉంటుంది కాబట్టి, పిల్లను వెల్లకిలా పట్టుకొని పరీక్షించే పని తప్పుతుంది. కానీ సాధు స్వభావం గల ఈ జాతి కాపలాకు సరిపోయేంతగా అరుస్తుందా? చైనీస్ గుడ్లను పిల్‌గ్రిమ్ పెట్ట కింద ఉంచితే, సుమారు 30 రోజులు వదలకుండా పొదుగుతుందా? లేత చెట్ల బెరడు ఒలిచే అలవాటు ఈ రెండింటిలో దేనికి తక్కువ? రెండు జాతులనూ పెంచినవారు తెలియజేయగలరు.