మ్యాట్రిక్స్ రెవల్యూషన్స్ ముగింపు: సంధి కుదిరిందా, రాజీ పడ్డారా?

నేల టికెట్టు (ప్రశ్న):

మ్యాట్రిక్స్ చిత్రత్రయంలో చివరిదైన మ్యాట్రిక్స్ రెవల్యూషన్స్ 2003 నవంబరు 5న ప్రపంచంలోని చాలా దేశాల్లో ఒకే సమయానికి విడుదలైంది. న్యూయార్కులో ఉదయం 9 గంటలకు మొదటి ఆట పడినప్పుడు టోక్యోలో రాత్రి 11 గంటలు. అంత ఆర్భాటంగా వచ్చిన సినిమా, అదే ఏడాది మే నెలలో వచ్చిన రెండో భాగానికి దరిదాపుల్లోకి కూడా రాలేకపోయింది. రీలోడెడ్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 74 కోట్ల డాలర్లు వసూలు చేస్తే, దీని వసూళ్లు 43 కోట్ల లోపే ఆగిపోయాయి. వసూళ్ల సంగతి అలా ఉంచండి, నా అభ్యంతరం కథ గురించి.

1999లో వచ్చిన మొదటి సినిమాలో యంత్రాలు మనుషులను తొట్లలో పడుకోబెట్టి, మ్యాట్రిక్స్ అనే కలలాంటి కృత్రిమ లోకంలో ఉంచుతాయి. దాని చివర కథానాయకుడు నియో ఫోన్ చేతబట్టి, యంత్రాల అదుపాజ్ఞలు లేని లోకం ఎలా ఉంటుందో జనానికి చూపిస్తానని యంత్రాలకే సవాలు విసురుతాడు. మూడో సినిమా ముగిసేసరికి ఏం జరిగింది? నియో పోయాడు, అతని ప్రియురాలు ట్రినిటీ పోయింది. మ్యాట్రిక్స్ బయట మనుషులకు మిగిలిన నగరం జయాన్ గడప దాకా వచ్చిన సెంటినెల్ యంత్రాలు వెనుదిరిగాయి. మ్యాట్రిక్స్ మాత్రం చెక్కుచెదరలేదు, తొట్లలో పడుకోబెట్టిన మనుషులు తొట్లలోనే ఉన్నారు. బయటికి రావాలనుకున్నవాళ్లను వదిలేస్తామని మ్యాట్రిక్స్‌ను రూపొందించిన ఆర్కిటెక్ట్ అనే ప్రోగ్రాము ఒక మాట ఇచ్చాడు, అంతే. దీన్ని విప్లవం అనడానికి నాకు నోరు రావడం లేదు. ఈ ముగింపు నచ్చినవారు ఇక్కడ చాలామంది ఉన్నారని తెలుసు కాబట్టి అడుగుతున్నాను: ఏం చూసి నచ్చింది? "నీకు అర్థం కాలేదు" అన్న సమాధానం ఇరవై ఏళ్లుగా వింటూనే ఉన్నాను, దయచేసి అది తప్ప వేరేది చెప్పండి.

పాత రీలు:

నేల టికెట్టు గారూ, మీరు మొదటి సినిమా ఇచ్చిన మాటను మూడో సినిమా దగ్గర వసూలు చేయబోతున్నారు. మధ్యలో రెండో సినిమా ఆ మాటనే మార్చేసింది. ఆర్కిటెక్ట్ గదిలో నియోకు తెలిసింది ఏమిటి? తాను మొదటి ఉద్ధారకుడు కాదని, ఆరోవాడినని. జయాన్‌ను యంత్రాలు అప్పటికే ఐదుసార్లు తుడిచిపెట్టాయని. ప్రతిసారీ ఆ ఉద్ధారకుడే పదహారుమంది స్త్రీలను, ఏడుగురు పురుషులను ఎంచుకుని జయాన్‌ను మళ్లీ మొదలుపెట్టాలన్నది కూడా యంత్రాలు వేసిన పథకమేనని. అంటే తిరుగుబాటు కూడా ఆ వ్యవస్థలో ఒక భాగమే. ఇంత తెలిసిన తర్వాత కూడా నియో యంత్రాలను చితకబాది గెలిచి ఉంటే, ఆ గెలుపును నమ్మడం నాకు కష్టమయ్యేది.

ఇంకొక చిక్కు ఉంది. మ్యాట్రిక్స్‌ను కూల్చేస్తే అందులో ఉన్న జనం ఎక్కడికి పోవాలి? జయాన్ జనాభా రెండున్నర లక్షలు. భూమి పైన పంట లేదు, ఎండ లేదు. ఆకాశాన్ని మాడ్చి నల్లబార్చింది మనుషులేనని మొదటి సినిమాలోనే, నియోను మ్యాట్రిక్స్ నుంచి బయటికి తెచ్చిన మార్ఫియస్ చెబుతాడు. వ్యవస్థ కుప్పకూలితే దానికి తగిలించి ఉన్నవాళ్లంతా చనిపోతారని ఆర్కిటెక్ట్ కూడా స్పష్టంగానే అంటాడు. మీరు కోరుకున్న సంపూర్ణ విమోచన ఆ లోకపు లెక్కల్లో సామూహిక మరణమే అవుతుంది.

అందుకే నాకు ఆ బేరం సన్నివేశం మూడు సినిమాల్లోకీ గట్టిదిగా అనిపిస్తుంది. కళ్లు పోయిన నియో, వెంట వచ్చిన ట్రినిటీని పోగొట్టుకుని, ఆయుధం లేకుండా యంత్రనగరం నడిబొడ్డున నిలబడతాడు. కనిపించిన ప్రతివాడినీ తన ప్రతిగా మార్చేసుకునే స్మిత్ అనే ప్రోగ్రాము యంత్రాల అదుపు కూడా దాటిపోయాడని, మ్యాట్రిక్స్‌ను మింగాక మీ నగరం మీదికే వస్తాడని చెప్పి, ప్రతిఫలంగా శాంతి అడుగుతాడు. శత్రువుకు తన అవసరం ఉన్న ఏకైక క్షణాన్ని కనిపెట్టి అడిగాడు. యుద్ధాలు చాలావరకు ఇలాగే ముగుస్తాయి, సినిమాల్లోనే వేరేగా ముగుస్తాయి.

గోడచేర్పు:

పాత రీలు గారి తర్కంతో నాకు పేచీ లేదు, సంధి మంచి ఆలోచనే. అయితే ఆలోచన బాగుంటే సినిమా బాగున్నట్టు కాదు. ప్రేక్షకులు రెండు వర్గాలుగా చీలిపోవడానికి ముగింపు కంటే ముందున్న గంటే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

జయాన్ ముట్టడినే తీసుకోండి. సాంకేతికంగా చూస్తే ఈనాటికీ కళ్లు తిప్పుకోలేని పనితనం అది. పైకప్పు చీల్చుకుని సెంటినెల్స్ చేపల మందలా డాక్‌లోకి దిగే దృశ్యంలో లోపం వెతకడం కష్టం. అయితే అక్కడ పోరాడుతున్నది ఎవరు? రెండు సినిమాల పాటు మనం వెంట నడిచిన ముగ్గురిలో ఒక్కరూ అక్కడ లేరు. నియో, ట్రినిటీ లోగోస్ ఓడలో వేరే దిక్కుకు వెళ్లిపోయారు. మార్ఫియస్‌ను మరో ఓడ నడిపే నయోబీ పక్క సీట్లో సహచోదకుడిగా కూర్చోబెట్టారు. మొదటి సినిమాకు వెన్నెముకలాంటి మనిషికి చివరి సినిమాలో దక్కిన పని మీటలు నొక్కడం! యుద్ధం బరువంతా కెప్టెన్ మిఫునే మీద, ఫిరంగి గుండ్లు మోసే కిడ్ అనే కుర్రవాడి మీద పడింది. శిక్షణ పూర్తి కాలేదని ఆ కుర్రవాడు చెబితే, చావుబతుకుల్లో ఉన్న మిఫునే తానూ పూర్తి చేయలేదని బదులిచ్చే చోట నాకు నిజంగానే గొంతు పట్టుకుంది. అయినా ఆ కుర్రవాడు ఎవరు, నియో అంటే అతనికి అంత భక్తి ఎందుకు అన్నది తెలియాలంటే యానిమ్యాట్రిక్స్ పేరిట విడిగా వచ్చిన లఘుచిత్రాల్లో ఒకటి చూసి ఉండాలి.

నా అసలు ఫిర్యాదు ఇదే. భవిష్యత్తు చూడగల ఒరాకిల్ వేషం వేసిన గ్లోరియా ఫోస్టర్ 2001లో మరణించడంతో ఆ పాత్రను మేరీ ఆలిస్ చేయవలసి వచ్చింది. అది ఎవరి చేతుల్లోనూ లేని విషయం. రూపం ఎందుకు మారిందో కథలో ఒక కారణం కూడా కల్పించారు, కానీ దాని పూర్తి వివరం ఎంటర్ ద మ్యాట్రిక్స్ అనే వీడియో గేమ్‌లో పెట్టారు. ఒక సినిమాకు టికెట్టు కొన్నవాడు మిగతా కథ కోసం గేమ్ దుకాణానికి, డీవీడీ దుకాణానికి తిరగాలంటే ఎలా? అర్థం కాలేదన్నవాళ్లను వెక్కిరించే ముందు అభిమానులు ఈ సంగతి కూడా ఆలోచించాలి.

చివరిగా ఒక చిన్న విషయం, చిన్నదైనా నన్ను ఇప్పటికీ వదలదు. జయాన్ సైనికులు ఎక్కి నడిపే అంత పెద్ద పోరాట యంత్రాలను కట్టినవాళ్లు, వాటిని నడిపే మనిషి ముందు ఒక రేకు ముక్క కూడా ఎందుకు అడ్డం పెట్టలేదు?

వెన్నెల కిటికీ:

గోడచేర్పు గారూ, రేకు ముక్క పెడితే నటుల ముఖాలు కనిపించవు, అంతకు మించిన కారణం ఉందనుకోను.

ముగింపు విషయానికి వస్తాను. చాలామందికి అది తేలిపోయినట్టు అనిపించడానికి కారణం, స్మిత్ ఎలా నశించాడన్నది సినిమా విప్పి చెప్పకపోవడం. హోరువానలో వీధికి రెండు వైపులా వేలాది స్మిత్‌లు నిలబడి చూస్తుండగా ఒక్కడే ముందుకు వస్తాడు. రెండో భాగంలో ఉద్యానవనం పోరాటంలో మందలుగా మీద పడ్డవాళ్లు ఇక్కడ చేతులు కట్టుకుని ఎందుకు నిలబడ్డారని చాలామంది అడుగుతారు. జవాబు స్మిత్ నోటివెంటే వస్తుంది: ఒరాకిల్‌ను తనలో కలుపుకున్నాక ఆమె చూపు అతనికి వచ్చింది, నియోను ఓడించేది ఈ ఒక్కడేనని అతనికి ముందే కనిపించింది.

అక్కడే అతను దెబ్బతిన్నాడు. నియో బురదలో పడి ఉన్నప్పుడు, తాను ముందే చూసిన దృశ్యం ఇదేనని స్మిత్ గుర్తుచేసుకుంటూ, మొదలైన ప్రతిదానికీ అంతం ఉంటుందన్న మాట అంటాడు. అది అంతకుముందు ఒరాకిల్ నియోతో అన్న మాట. పైగా మూడు సినిమాల పొడవునా నియోను పాత పేరుతో మిస్టర్ ఆండర్సన్ అని మాత్రమే పిలిచినవాడు ఆ ఒక్క వాక్యంలో నియో అని పిలుస్తాడు. అన్న మరుక్షణం తానేమన్నాడో తనకే అంతుపట్టక బెదిరిపోతాడు. లోపల ఉన్న ఒరాకిల్ ఆ నోటితో పలికిందని నా నమ్మకం. నియోకు సంకేతం అందింది, పోరాటం ఆపి స్మిత్‌కు లొంగిపోయాడు. యంత్రాలకు తగిలించి ఉన్న నియో శరీరం ద్వారా, అతనిలోకి చొరబడ్డ స్మిత్ యంత్రాల మూలానికే చిక్కాడు. ఆ తర్వాత ఒక్కొక్క ప్రతీ వెలుగై పేలిపోయింది. ఇదంతా రెండు నిమిషాల లోపు, ఒక్క వివరణ కూడా లేకుండా జరిగిపోతుంది. రెండో భాగంలో ఆర్కిటెక్ట్ చేత అంతసేపు ఉపన్యాసం ఇప్పించినవాళ్లు ఇక్కడ నోరు కట్టేసుకున్నారు. నాకు ఈ మౌనమే నచ్చింది, మావారికి మాత్రం చివరి పేజీ చింపేసిన డిటెక్టివ్ నవల చదివినట్టు ఉందట.

మనవాళ్లు ఎందుకో అంతగా మాట్లాడుకోని విషయం మరొకటి ఉంది. ఆ పోరాటం వెనుక బృందగానంలో వినిపించేది బృహదారణ్యకోపనిషత్తులోని "అసతో మా సద్గమయ" మంత్రం. డాన్ డేవిస్ సంగీతంలో అది పాశ్చాత్య వాద్యాల హోరులో కలిసిపోవడం వల్ల మొదటిసారి చూసేటప్పుడు చెవికి ఆనదు. పేర్లు పడేటప్పుడు వచ్చే "నవరస్" అనే బాణీలో స్పష్టంగా వినిపిస్తుంది. మృత్యువు నుంచి అమృతత్వానికి నడిపించమన్న ప్రార్థన వినిపిస్తుండగా కథానాయకుడు గెలవడానికి కాక తనను తాను ఇచ్చుకోవడానికి సిద్ధమవుతున్నాడు. అలాగే మొదట్లో రైలు స్టేషనులో కనిపించే రామకంద్ర, కమల, వాళ్ల కూతురు సతి. ముగ్గురూ ప్రోగ్రాములే, పిల్లను బతికించుకోవడానికి పాట్లు పడుతున్న తల్లిదండ్రులు. ప్రేమ అన్నది ఒక పదమేనని, ఆ పదం సూచించే బంధమే ముఖ్యమని రామకంద్ర అనే చోటనే, యంత్రాలన్నీ శత్రువులన్న లెక్క చెదిరిపోతుంది. ఆ తర్వాత యుద్ధంలో ఒక పక్షం పూర్తిగా నశించాలని కోరుకోవడం నాకు సాధ్యం కాలేదు. సంధికి పునాది వేసింది ఆ స్టేషను బల్లే.

సంస్కృతం వినిపించింది కాబట్టి సినిమా గొప్పదని నేను అనడం లేదు, ఆ వాదన వినీ వినీ నాకూ విసుగు పుట్టింది. ట్రినిటీ మరణ సన్నివేశం సాగతీతేనని ఒప్పుకుంటాను. ఇనుప కడ్డీలు గుచ్చుకున్న మనిషి అంతసేపు మాట్లాడటం కంటే, కొద్ది నిమిషాల ముందు మబ్బులు దాటి ఓడ పైకి లేచినప్పుడు ఆమె ఒక్క క్షణం సూర్యుణ్ణి చూసిన ముఖమే చాలు.

నేల టికెట్టు:

అందరికీ ధన్యవాదాలు. స్మిత్ నోట నియో పేరు రావడం గురించి చదివాక ఆ సన్నివేశం మళ్లీ పెట్టుకుని చూశాను, వెన్నెల కిటికీ గారు చెప్పినట్టే ఉంది. ఆ భాగం వరకు నాకు పేచీ లేదు.

అయినా సంధి షరతు దగ్గర నా అనుమానం తీరలేదు. బయటికి రావాలనుకున్నవాళ్లను వదిలేస్తారట. తాను కలలో ఉన్నానని తెలియనివాడు బయటికి రావాలని ఎలా అనుకుంటాడు? మొదటి సినిమాలో ఆ సంగతి చెప్పడానికి మార్ఫియస్ లాంటివాళ్లు ప్రాణాలకు తెగించి లోపలికి వెళ్లేవారు. సంధి తర్వాత వాళ్లను వెళ్లనిస్తారా, చెప్పనిస్తారా? దాని మీద ఒక్క ముక్క లేదు. సతి నియో కోసమని చేసిన రంగురంగుల సూర్యోదయంతో సినిమా ముగుస్తుంది, అది కూడా మ్యాట్రిక్స్ లోపలే. బయట నిజమైన ఆకాశం నల్లగానే ఉంది. దర్శకులు దీన్ని కావాలని పెట్టారా, లేక అందంగా ఉందని పెట్టారా అన్నది నేను తేల్చుకోలేకపోతున్నాను.

పాత రీలు:

కావాలనే పెట్టారని నేను అనుకుంటాను. ఆ చివరి సన్నివేశంలో పార్కు బల్ల దగ్గర ఆర్కిటెక్ట్, ఈ శాంతి ఎన్నాళ్లుంటుందని ఒరాకిల్‌ను అడిగితే, ఉన్నన్నాళ్లు ఉంటుందన్నట్టే ఆమె జవాబిస్తుంది. శాశ్వతమని ఆమె కూడా అనలేదు. మీ షరతుకు సగం జవాబు ఆర్కిటెక్ట్ గదిలోనే ఉంది. లోలోపల ఎక్కడో ఎంచుకునే అవకాశం మిగిలిస్తే నూటికి తొంభైతొమ్మిది మంది మ్యాట్రిక్స్‌ను ఒప్పుకున్నారని, మిగిలిన ఒక్కరే చిక్కు తెచ్చారని అతనంటాడు. సంధి ఆ ఒక్కరి కోసం. ఎవరూ చెప్పకపోయినా ఏదో తేడాగా ఉందని నిద్ర పట్టనివాళ్లు, మొదటి సినిమా మొదట్లో నియో లాంటివాళ్లు. మిగతా తొంభైతొమ్మిది మంది గురించి మీరడిగిన ప్రశ్నకు నా దగ్గరా జవాబు లేదు.

2021లో లానా వాచౌస్కీ ఒక్కరే దర్శకత్వం వహించిన నాలుగో భాగం రిసరెక్షన్స్ ఈ చోటనే కథ అందుకుంటుంది. సంధి తర్వాత శక్తి చాలక యంత్రాల్లో యంత్రాలకే యుద్ధం వస్తుంది, జయాన్ పోతుంది, మనుషులూ కొన్ని యంత్రాలూ కలిసి అయో అనే కొత్త నగరం కట్టుకుంటారు. ఆ సినిమా మీద ఇంతకంటే పెద్ద గొడవలే ఉన్నాయి కాబట్టి దానికి విడిగా ప్రశ్న వేస్తే బాగుంటుంది. గోడచేర్పు గారు ఎలాగూ వస్తారు.

గోడచేర్పు:

వస్తాను. ఈలోగా ఆ రేకు ముక్క సంగతి ఎవరైనా ఇంకాస్త బాగా చెప్పగలిగితే చెప్పండి.