సిరామిక్ బ్రాకెట్ స్లాట్ గరుకుదనం వల్లనే కోరపన్ను కదలడం లేదా?

ప్రశ్న (ఎండీఎస్, అంటే దంతవైద్య పీజీ, రెండో సంవత్సరం విద్యార్థిని):
పెద్దలకు నమస్కారం. పై మొదటి ప్రీమోలార్లు (కోరపళ్ల వెనకే ఉండే పళ్లు) తీయించిన ఒక అమ్మాయికి సిరామిక్ బ్రాకెట్లు (పంటికి అతికించే దిమ్మలు; తీగ కూర్చునే గాడి వాటి స్లాట్) పెట్టి, 0.022 అంగుళాల స్లాట్‌లో 0.019 × 0.025 టీఎంఏ (టైటానియం, మాలిబ్డినం మిశ్రమలోహం) తీగ మీద కోరపళ్లను వెనక్కి జరుపుతున్నాను. రెండు నెలలుగా కుడి కోరపన్ను కదలనే లేదు. తీగ విప్పి స్టీరియో మైక్రోస్కోప్ కింద చూస్తే, బ్రాకెట్ అంచు తగిలిన చోట గోటితో గీరినట్టు అడ్డంగా గాట్లు, వాటి పక్కనే పైకి లేచిన లోహపు పొరలు కనిపించాయి. నునుపైన ఏకస్ఫటిక (ఒకే స్ఫటికం నుంచి చేసిన) బ్రాకెట్టుకు మారిస్తే సరిపోతుందా?

జవాబు 1:
అమ్మా, గరుకుదనం ఎంత ఉంటే రాపిడి అంత ఉంటుందనుకోవడం పొరపాటు. నికెల్ టైటానియం తీగ ఉపరితలం టీఎంఏ కన్నా గరుకైనదే అయినా, రాపిడి ఎక్కువగా చూపేది టీఎంఏయేనని 1990లో పరిశోధకులు కూసీ, విట్లీల ప్రయోగాలు చూపాయి. టీఎంఏలోని టైటానియం ఎదుటి ఉపరితలానికి అతుక్కుని, చిరిగి, మళ్లీ అతుక్కుంటుంది. మీకు కనిపించిన పొరలు బహుశా అవే. జరపడానికి స్టీలు తీగే వాడండి.

జవాబు 2:
ఏకస్ఫటిక బ్రాకెట్టు స్లాట్ గోడలు నునుపుగా ఉన్నా, ప్రయోగశాలలో రాపిడి చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఈ బ్రాకెట్ల సిరామిక్ పదార్థమైన అల్యూమినా ఏ రూపంలో ఉన్నా లోహపు తీగ కన్నా ఎంతో గట్టిది కనుక, పదునైన స్లాట్ అంచు తీగను కోస్తూనే ఉంటుంది. బ్రాకెట్టు మార్చక తప్పదనుకుంటే, స్లాట్‌లో లోహపు తొడుగు ఉన్న రకం చూడండి.

జవాబు 3:
పై ఇద్దరి మాటా నిజమే, కానీ నేనైతే ముందుగా కోణం చూస్తాను. 0.022 స్లాట్‌లో 0.019 తీగకు మిగిలే ఖాళీ 0.003 అంగుళాలే; బ్రాకెట్టు వెడల్పు 3 మిల్లీమీటర్లనుకుంటే, పన్ను సుమారు ఒకటిన్నర డిగ్రీ ఒరగగానే తీగ రెండు అంచులకూ తగిలి బిగుసుకుంటుంది. అక్కడి నుంచి అడ్డుపడేది ప్రధానంగా ఆ బిగింపే, ఇంకా ఒరిగితే గాట్లు పడతాయి. స్లాట్ ఎంత నునుపుగా ఉన్నా అప్పుడు ప్రయోజనం పెద్దగా ఏమీ ఉండదు. మీ అమ్మాయి కోరపన్ను కిరీటం (చిగురు బయట కనిపించే భాగం) వెనక్కి వాలిందేమో ఎక్స్‌రేలో చూశారా?

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే చూశాను సర్, వాలింది. వేరు ఉన్నచోటనే ఉంది. పన్నును లాగుతున్న చైను తీసేసి, ముందు నికెల్ టైటానియం తీగతో పన్నును నిటారు చేసి, ఆ తరువాతే స్టీలు తీగకు వెళతాను.