జెఫ్ బెక్ స్మారక కచేరీ: లీడ్ గిటార్ ఎవరు వాయించాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. బ్రిటిష్ రాక్ గిటారిస్టు జెఫ్ బెక్ జ్ఞాపకార్థం మా బ్యాండ్ గంటన్నర ట్రిబ్యూట్ షో చేయబోతోంది. పాటలు దాదాపు ఖాయమయ్యాయి కానీ లీడ్ గిటార్ దగ్గరే బండి ఆగింది. మా గిటారిస్టు బాగానే వాయిస్తాడు, కాకపోతే మొదట్నుంచీ పిక్‌కే (తీగలు మీటే చిన్న బిళ్ల) అలవాటు పడ్డాడు. బెక్‌లా పిక్ లేకుండా వేళ్లతో మీటుతూ, ట్రెమొలో బార్‌తో (తీగల బిగువు మార్చే కడ్డీ) స్వరాన్ని తిప్పడం తన వల్ల కాదని చేతులెత్తేస్తున్నాడు. మాటల్లేకుండా గిటార్ మీదే నడిచే బెక్ పాట ‘వేర్ వర్ యూ’ అయినా తీసేద్దామంటే మిగతావాళ్లు ఒప్పుకోవడం లేదు. బయటి నుంచి ఎవరినైనా పిలవాలా? పర్మిషన్ల సంగతి కూడా తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు:
బయటివాళ్లను వెతికే ముందు, లీడ్ వాయించే ఒక్కడే బెక్ అయిపోవాలన్న ఆలోచన మానుకోండి. బెక్ 2023 జనవరి 10న పోయారు. అదే ఏడాది మే 22, 23 తేదీల్లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ పూనుకుని రెండు రాత్రులు స్మారక కచేరీలు పెట్టారు. అంత పలుకుబడి ఉన్న మనిషి కూడా ‘ఇదిగో ఇతనే ఈ రాత్రికి బెక్’ అని ఎవరినీ నిలబెట్టలేదు. డెరెక్ ట్రక్స్, గ్యారీ క్లార్క్ జూనియర్, బిల్లీ గిబ్బన్స్ లాంటి గిటారిస్టులు వంతులవారీగా వచ్చి ఎవరి బాణీలో వాళ్లు వాయించారు. రాడ్ స్టువర్ట్, జాస్ స్టోన్, ఇమెల్డా మే పాడారు. వెనక మాత్రం బెక్ చివరి బ్యాండ్‌లో ఉన్న బాసిస్టు రోండా స్మిత్, డ్రమ్మర్ అనికా నిలెస్ ఉన్నారు. వెనక వాద్యం గట్టిగా ఉంటే ముందు మనుషులు మారుతున్నా షో చెదరదు.

మీరూ అలాగే పంచండి. పాడే పాటలు గాయకులకు, వేగంగా సాగేవి పిక్‌తోనే మీవాడికి. ఇంకో గిటారిస్టు స్నేహితుడు ఉంటే రెండు పాటలకు అతిథిగా రమ్మనండి. మక్కీకి మక్కీ దించాలని చూస్తే వినేవాళ్లు పాటను వదిలేసి తప్పులు లెక్కపెడతారు.

ఇక ‘వేర్ వర్ యూ’. 1989 నాటి ‘గిటార్ షాప్’ ఆల్బమ్‌లోది. అసలు కష్టం ఈ పాటలోనే ఉంది. ఇది చాలావరకు హార్మోనిక్స్ (గంటలా మోగే సన్నటి స్వరాలు) మీదే నడుస్తుంది. తీగను ఫ్రెట్‌కు (గిటార్ మెడ మీది మెట్టు) నొక్కరు, తేలిగ్గా తాకి మీటుతారు. కావలసిన స్వరానికి బార్‌తోనే చేరతారు. చిటికెన వేలితో వాల్యూమ్ నాబ్ తిప్పుతూ మీటిన చప్పుడు వినపడకుండా దాచేస్తారు. స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్) గిటార్‌లో ఆ నాబ్ తీగలకు దగ్గరగా ఉండబట్టే ఇది కుదురుతుంది. కాబట్టి ఈ ఒక్క పాటకైనా స్ట్రాట్ తరహా గిటారే తీసుకోండి.

బ్రిడ్జ్ (గిటార్ బాడీ మీద తీగలు ఆనే భాగం) బాడీకి ఆనుకుని ఉంటే బార్ కిందికే పోతుంది, పైకి రాదు. వెనక స్ప్రింగులు కాస్త వదులు చేసి బ్రిడ్జ్‌ను తేలేట్టు పెట్టండి. బార్ పైకి లాగితే మూడో తీగ కనీసం రెండు ఫ్రెట్ల ఎత్తు పెరగాలి. తీగలు నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడిలో ఇరుక్కుంటే శ్రుతి వెనక్కి రాదు. అక్కడ పెన్సిల్ పొడి రాస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఫెండర్ వాళ్లు బెక్ పేరుతో చేసిన స్ట్రాట్‌కు తీగలు సులువుగా జారే రోలర్ నట్ పెట్టింది కూడా ఇందుకే.

ఒక చిక్కుంది. ఇలా తేలే బ్రిడ్జ్‌తో ఒక తీగ తెగితే మిగతా అయిదూ శ్రుతి తప్పుతాయి. ఒక తీగను వేలితో పక్కకు లాగి బెండ్ చేసినా పక్క తీగలు కొంచెం కిందికి జారతాయి. కాబట్టి మిగతా పాటలకు వేరే గిటార్ శ్రుతి చేసి స్టాండ్ మీద సిద్ధంగా ఉంచండి.

ఇంతా చేసి రాకపోతే ఆ పాటను గొంతుకివ్వండి. మాటల్లేకుండా ఆలాపనగా, కింద కీబోర్డు మాత్రమే. నన్నడిగితే సగం వచ్చిన గిటార్ కన్నా అదే మేలు.

మరో జవాబు:
పర్మిషన్ల గురించి నాకు తెలిసింది చెబుతాను. వేదిక మీద వాయించడానికి లైసెన్సు చాలాచోట్ల హాలు వాళ్ల దగ్గరే ఉంటుంది. ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. వాళ్లకిచ్చే పాటల జాబితాలో స్వరకర్త గడి ఉంటే అన్నిటికీ బెక్ పేరు రాసేయకండి. ‘కాజ్ వీవ్ ఎండెడ్ యాజ్ లవర్స్’ స్టీవీ వండర్‌ది, ‘పీపుల్ గెట్ రెడీ’ కర్టిస్ మేఫీల్డ్‌ది, ‘ఎ డే ఇన్ ద లైఫ్’ లెనన్, మెకార్ట్నీలది. రాయల్టీ వెళ్లేది ఆ పేర్లను బట్టే.

వీడియో తీసి పెట్టడం వేరే సంగతి, దానికి హాలు లైసెన్సు సరిపోదు. పోస్టర్ మీద నెట్‌లో దొరికిన బెక్ ఫొటో వేయకండి, దాని హక్కు తీసినవాళ్లది. గిటార్ బొమ్మ గీయించుకోండి. మీ బ్యాండ్ పేరు, ‘ట్రిబ్యూట్’ అన్న మాట స్పష్టంగా కనపడాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ. పాటలు పంచుకుందామనగానే మావాడి మొహం వెలిగింది. చివరగా ఒక్కటి: వేళ్లతో వాయిస్తే సౌండ్ ఎగుడుదిగుడుగా వస్తోంది. సౌండ్‌ను సమం చేసే కంప్రెసర్ పెడల్ పెట్టమంటారా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
వద్దండీ. ఆ ఎగుడుదిగుడే బెక్ వాయిద్యానికి ప్రాణం, కంప్రెసర్ దాన్ని చదును చేసేస్తుంది. డిస్టార్షన్ (సౌండ్‌లోని గరగర) మీరనుకున్నదానికన్నా తగ్గించి, ఆంప్ కాస్త పెంచండి. సౌండ్ చెక్‌లో ‘వేర్ వర్ యూ’ మొదటి నిమిషం తప్పకుండా వాయించి, సౌండ్ ఇంజినీరుకు ఒక మాట చెప్పి ఉంచండి: గిటార్ సన్నగా వినపడిన చోట మిక్సర్ మీద వాల్యూమ్ పెంచే ఫేడర్ పైకి తోయొద్దు, అక్కడ వాల్యూమ్ కావాలనే తగ్గిస్తున్నాం అని.