క్యాథ్ ల్యాబ్‌లో ఎక్కడ నిలబడాలి?

ప్రశ్న:
క్యాథ్ ల్యాబ్‌లో (గుండె రక్తనాళాల్లోకి సన్నని గొట్టం పంపి పరీక్షలు, చికిత్స చేసే గది) నర్సుగా ఈ మధ్యే చేరానండి. లెడ్ ఏప్రాన్, థైరాయిడ్ కాలర్ ఇచ్చారు. ఫ్లోరోస్కోపీ (ఒంటి లోపలి కదలికల్ని ఎక్స్‌రేలతో అప్పటికప్పుడు తెర మీద చూపేది) నడుస్తుండగానే పేషెంట్ పక్కన నిలబడి మందులివ్వాల్సి వస్తోంది. ఏప్రాన్ ఒక్కటే సరిపోతుందా? మిషన్ ఆపాక గదిలో రేడియేషన్ మిగులుతుందా?

జవాబు (రేడియోగ్రాఫర్):
రెండోదాని గురించి బెంగ వద్దండి. స్విచ్ తీయగానే ఎక్స్‌రేలు ఉండవు, ఏమీ మిగలదు.

మీకు తగిలేది ముఖ్యంగా పేషెంట్ ఒంటి మీద పడి చెదిరి వచ్చేది. సి-ఆర్మ్‌ని (ఒక కొసన ఎక్స్‌రేలు వచ్చే ట్యూబ్, రెండో కొసన వాటిని అందుకునే డిటెక్టర్ ఉండే సి ఆకారపు చేయి) పక్కకి వంచినప్పుడు ట్యూబ్ ఏ వైపు ఉందో చూడండి. ఆ వైపే చెదురు ఎక్కువ, కాబట్టి డిటెక్టర్ వైపుకి జరగండి. దూరం రెట్టింపైతే మోతాదు ఇంచుమించు నాలుగో వంతుకి పడిపోతుంది. ఒక్క అడుగు వెనక్కి వేసినా లాభమే. సినీ రన్‌లో (బొమ్మల్ని వరసగా రికార్డు చేసేటప్పుడు) మోతాదు బాగా పెరుగుతుంది, మొదలుపెట్టేముందు చెప్పమని డాక్టరుగారిని అడగండి. ఇందులో మొహమాటం అస్సలు వద్దు. ముందువైపే లెడ్ ఉన్న ఏప్రానైతే ట్రాలీ వైపు తిరిగినప్పుడు మీ వీపుకి రక్షణ ఉండదు.

మరో జవాబు:
ఏప్రాన్ మడతపెట్టి కుర్చీ మీద పడేయకండి, హ్యాంగర్‌కి తగిలించండి. లోపలి పగుళ్ళు పైకి కనబడవు, ఫ్లోరో కింద పెట్టి చూస్తేనే బయటపడతాయి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. మరి గర్భం వస్తే?

రేడియోగ్రాఫర్:
తెలిసిన రోజే చెప్పేయండి. ఉద్యోగులకి పరిమితి 5 ఏళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (రేడియేషన్ మోతాదు కొలత). కడుపులో బిడ్డకైతే, చెప్పినప్పటి నుంచి కాన్పు దాకా మొత్తం కలిపి 1 మిల్లీసీవర్టు దాటకూడదు. ఏప్రాన్ లోపల, పొట్ట దగ్గర పెట్టుకోడానికి ఇంకో బ్యాడ్జ్ (తగిలిన మోతాదు కొలిచేది) అడిగి తీసుకోండి.