బడి పక్కన అర ఎకరం బొటానికల్ గార్డెన్: ఎలా మొదలుపెట్టాలి?

గుణుపురం_మాస్టారు:
నమస్కారమండి. గుణుపురం దగ్గర హైస్కూలుని ఆనుకుని అర ఎకరం ఖాళీ జాగా ఉంది. చుట్టూ గోడ, ఒక మూల బావి, ఎర్రమట్టి నేల. పార్కులా కాకుండా నిజమైన బొటానికల్ గార్డెన్‌గా చేద్దామని ఊరివాళ్లూ, పిల్లల తల్లిదండ్రులూ ఒప్పుకున్నారు. గుగ్గిలం, ఇప్ప, తునికి, కరక, ఏగిస, మద్ది, ఇలా ఎనభై రకాల చెట్ల జాబితా రాశాం. బావోబాబ్ (లావు మానుండే ఆఫ్రికా చెట్టు), విక్టోరియా పెద్దాకు కలువ కూడా పెట్టాలని పిల్లల కోరిక. ప్రపంచంలో పేరున్న తోటల్లో ఎవరి పద్ధతి మనకు కుదురుతుంది? గుగ్గిలం గింజలు దాచిపెట్టి వేస్తే మొలవడం లేదు, కారణం ఏమిటి? పేరు పలకలు దేంతో చేయిస్తే నిలుస్తాయి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నాగావళి_ఒడ్డు (రాయగడ):
మాస్టారూ, ముందు జాబితా తగ్గించండి. అర ఎకరం అంటే సుమారు రెండు వేల చదరపు మీటర్లు. పెద్ద చెట్టుకీ చెట్టుకీ ఎనిమిది మీటర్ల ఎడం వదిలితే ముప్ఫై చెట్లు పడతాయి. బాటలు, నీటి తొట్టి పోను ఇరవై అయిదే అనుకోండి. మిగతా జాగా పొదలకీ, తీగలకీ, మందు మొక్కలకీ ఉంచండి. ఎనభై పెద్ద చెట్లూ ఇరికిస్తే పదేళ్లకి అన్నీ వెలుతురు కోసం పైకి సాగి సన్నగా నిలుస్తాయి. ఏ చెట్టుకీ దాని అసలు రూపం రాదు.

ఎవరి పద్ధతి అంటే, నా ఓటు దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ పక్కనున్న కిర్‌స్టెన్‌బాష్‌కి. 1913లో టేబుల్ మౌంటెన్ వాలు మీద పెట్టారు. ఆ దేశపు సొంత మొక్కలకే ఆ తోటలో పెద్దపీట. మీరూ వంశధార లోయ నుంచి మహేంద్రగిరి దాకా దొరికే చెట్లకే కట్టుబడండి. బావోబాబ్ వద్దు. విక్టోరియా కలువ అసలే వద్దు. ఒక్కో ఆకు రెండు మీటర్లు దాటుతుంది, ఒక్క మొక్కకే ఐదారు మీటర్ల వెడల్పు చెరువు కావాలి. ఆ నీటితో వేసవిలో ముప్ఫై పిల్లమొక్కల్ని బతికించవచ్చు.

పార్కుకీ బొటానికల్ గార్డెన్‌కీ తేడా అంతా రిజిస్టరులో ఉంటుంది. ఇటలీలో పాదువా తోట 1545 నాటిది. అక్కడున్న తాళజాతి చెట్టు ఒకటి 1585లో నాటినదని నేటికీ చెప్పగలుగుతున్నారంటే ఆ లెక్క నిలిచింది కాబట్టే. ప్రతి మొక్కకీ ఏడాదితో మొదలయ్యే నంబరు ఇవ్వండి. 2026-014 అంటే ఆ ఏడాది వచ్చిన పద్నాలుగో రాక (ఒకచోటి నుంచి ఒకసారి తెచ్చిందంతా ఒక రాక). ఒకే రాకలో నాలుగు మొలకలుంటే 014-అ, 014-ఆ అని విడదీయండి. మొక్క చచ్చిపోతే "చనిపోయింది" అని తేదీ వేయండి గానీ ఆ నంబరు మరో మొక్కకి ఎప్పటికీ ఇవ్వకండి. అలా ఇస్తే రెండు మొక్కల చరిత్ర కలిసిపోయి రెండూ పనికిరాకుండా పోతాయి.

రిజిస్టరులో తప్పక ఉండాల్సినవి: ఏ ఊరి ఏ గట్టు నుంచి వచ్చింది, తేదీ, తెచ్చినవారు, గింజా కొమ్మా మొలకా, చుట్టూ ఏ చెట్లున్నాయి. దాంతోపాటు పెద్ద తోటలన్నీ వాడే గుర్తు ఒకటి: అడవి నుంచి నేరుగా వస్తే డబ్ల్యూ, అడవి మొక్క గింజతో తోటలో పెంచిందైతే జెడ్, పెంపుడు మొక్క నుంచైతే జి, తెలియకపోతే యు. నర్సరీలో కొన్నది యు కిందే రాయండి, ఊహించి డబ్ల్యూ వేయకండి. రిజర్వు అడవిలో గింజ ఏరాలంటే అటవీశాఖ రాతపూర్వక అనుమతి ముందే తీసుకోండి.

పర్లాకిమిడి_మొలక:
గుగ్గిలం సంగతి నేను చెప్తాను. మీరు దాచిపెట్టడమే అది మొలవకపోవడానికి కారణం. చింత, తుమ్మ గింజలు ఎండితే నిద్రపోతాయి. గుగ్గిలం గింజ ఎండితే చచ్చిపోతుంది. పనస, మామిడి టెంకలదీ అదే గుణం. ఇంగ్లండులో వేక్‌హర్స్ట్ దగ్గర, లండన్‌లోని క్యూ బొటానికల్ గార్డెన్ వాళ్ల మిలీనియం విత్తన బ్యాంకు ఉంది. గింజల్ని 15 డిగ్రీల వేడి, 15 శాతం గాలి తేమలో ఆరబెట్టి, మైనస్ 20 డిగ్రీల్లో దాస్తారు. ఆ పద్ధతి గుగ్గిలానికి పనిచెయ్యదు. 1876లో హెన్రీ విక్‌హమ్ బ్రెజిల్ నుంచి క్యూ తోటకి 70 వేల రబ్బరు గింజలు చేరిస్తే మొలిచినవి నూటికి నాలుగు కూడా లేవు. రబ్బరు గింజదీ ఎండితే చచ్చిపోయే గుణమే, ఓడ ప్రయాణంలోనే చాలావరకు ప్రాణం పోయింది.

చెయ్యాల్సింది ఇదీ. జూన్‌లో రెక్కల కాయలు రాలే రోజుల్లో చెట్టు కింద ముందురోజు సాయంత్రం శుభ్రంగా ఊడ్చి, తెల్లారి పడినవే ఏరండి. రెక్కలు తుంచి, తడి గోనెలో చుట్టి, అదే రోజు లేదా మర్నాడు వెయ్యండి. వారం దాటితే ఆశ వదులుకోవాల్సిందే. అడుగు లోతున్న పాలిథీన్ సంచుల్లో ఎర్రమట్టి, ఇసుక, మాగిన గత్తం కలిపి నింపండి. అందులో గుగ్గిలం చెట్టు కింది మట్టి నాలుగు గుప్పిళ్లు తప్పక కలపాలి. ఆ వేళ్లతో కలిసి బతికే బూజు ఆ మట్టితోనే వస్తుంది, అది లేకపోతే మొలక పసుపుబారి ఎదగదు. గింజని పడుకోబెట్టి పైన పల్చగా మట్టి కప్పండి.

ఇంకో మాట, ఇది పిల్లలకి ముందే చెప్పండి. గుగ్గిలం మొలక పైభాగం మొదటి కొన్నేళ్లు వేసవిలో ఎండిపోతుంది. కింద వేరు మాత్రం లావెక్కుతూ ఉంటుంది, వానలకి మళ్లీ చిగురిస్తుంది. చచ్చిందనుకుని పీకేస్తే అంతే సంగతులు.

ఇప్ప గింజ కూడా తాజాగానే వెయ్యాలి. కరకకి లోపలి టెంక గట్టిది, వెడల్పు కొస కొద్దిగా చెక్కి, లోపలి పలుకుకి దెబ్బ తగలకుండా, 36 గంటలు చన్నీళ్లలో నానబెట్టండి. టేకు కాయల్ని రాత్రి నానబెట్టి పగలు ఎండబెట్టడం కొన్నాళ్లు చెయ్యాలి. గుంతల్లో పచ్చి పెంట వెయ్యొద్దు, చెదలు వస్తాయి. మాగిన గత్తం, గుప్పెడు వేపపిండి చాలు.

జయపురం_పలక:
పలకల గురించి. ఫ్లెక్సు, లామినేషను రెండూ ఎండకి వెలిసిపోతాయి. పల్చటి అల్యూమినియం రేకు మీద అక్షరాలు గుద్దించండి, రంగు పోయినా చదవొచ్చు. పైన తెలుగు పేరు, తర్వాత ఒడియా పేరు, లాటిన్ అక్షరాల్లో శాస్త్రీయ నామం, కుటుంబం, కింది మూలలో రిజిస్టరు నంబరు.

చెట్టుకి ఇనుప మేకు కొట్టకండి. బెరడు గాయంలోంచే బూజు లోపలికి పోతుంది. కలకత్తా శిబ్‌పూర్ తోటలో మహా మర్రికి 1864, 1867 తుఫానుల్లో దెబ్బలు తగిలి, బూజు పట్టి, చివరికి 1925లో అసలు మానునే తీసెయ్యాల్సి వచ్చింది. ఊడల వల్ల ఆ మర్రి నిలబడింది, మీ ఏగిసకి ఊడలుండవు. చిన్న మొక్కకి పక్కన గూటం పాతి పలక తగిలించండి. పెద్దయ్యాక స్ప్రింగుతో వదులుగా కట్టండి, ఏటా ఒకసారి సడలించండి. బిగించిన తీగ బెరడులోకి దిగిపోయి చెట్టుని కోసేస్తుంది.

పలకలు ఎటూ పోతాయి, పిల్లలు లాగుతారు. అందుకే మ్యాపు గీయండి. ప్రతి మొక్కకీ రెండు దూరాలు రాయండి: బావి గట్టు మూల నుంచి ఎన్ని మీటర్లు, బడి గోడ మూల నుంచి ఎన్ని మీటర్లు. రెండు టేపులు కలిసేచోట ఆ మొక్క ఉంటుంది. ఆ రెండు మూలలూ కలిపే గీతకి అవతలి పక్కా ఇవతలి పక్కా అన్నది కూడా రాయండి, లేకపోతే రెండు చోట్లు కుదురుతాయి.

గుణుపురం_మాస్టారు:
చాలా స్పష్టంగా చెప్పారండి, జాబితా ఇరవై అయిదుకి దించుతున్నాం. ఒక్కటి అడుగుతాను. తునికి, తాటి ఒక్కొక్కటి చాలవా?

పర్లాకిమిడి_మొలక:
చాలవు మాస్టారూ. రెండింటిలోనూ ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. పూత వచ్చేదాకా ఏది ఏదో తెలీదు. దక్షిణాఫ్రికాలో 1895లో దొరికిన, సైకస్‌కి చుట్టమైన, ఈతచెట్టులా కనిపించే మొక్క ఒకటి ఉంది, వుడ్స్ సైకాడ్ అంటారు. ఆడది ఇప్పటిదాకా దొరకలేదు. తోటల్లో ఉన్నవన్నీ ఆ ఒక్క మగ మొక్క పిలకలే, దానికి తన జాతి గింజ లేదు. మీరు గింజతో ఆరేసి పెంచండి. ఆరూ ఒకే లింగం అయ్యే అవకాశం 32లో ఒకటే. ఒక మూల దగ్గరదగ్గరగా పెట్టి, పూశాక ఒక మగ, రెండు ఆడ ఉంచుకుని మిగతావి తీసెయ్యొచ్చు. తునికికి తల్లివేరు లోతుగా పోతుంది కాబట్టి సంచిలో వద్దు, నేరుగా గుంతలోనే గింజ వెయ్యండి. పూత చూసిన రోజు లింగం రిజిస్టరులో ఎక్కించండి.