ఆఫ్‌లైన్ యాక్యురసీ పేపర్లతోనే బీసీఐ పోస్ట్‌డాక్ గడిపేయొచ్చా?

ఆల్ఫాతరంగం:
బీసీఐ (మెదడు సిగ్నళ్లతో కంప్యూటర్‌ను నడిపే పద్ధతి)లో రెండు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం) ఆఫర్లున్నాయి. ఒక ల్యాబ్‌లో పనంతా ఆఫ్‌లైన్, అంటే ముందే రికార్డు చేసిన పబ్లిక్ డేటాసెట్ల మీదే: ఈఈజీ (తల మీద ఎలక్ట్రోడ్లతో తీసే మెదడు సిగ్నల్) నుంచి మోటార్ ఇమేజరీ (కదలికను ఊహించుకోవడం) డీకోడింగ్. పేపర్లు త్వరగా వస్తాయంటున్నారు పీఐ (ల్యాబ్ పెద్ద). రెండో చోట మనుషులతో క్లోజ్డ్ లూప్ (ఫలితాన్ని అప్పటికప్పుడు మనిషికి చూపించే) ప్రయోగాలు. ఎథిక్స్ అనుమతులకే నెలలు పడుతుంది. ఏది మేలు?

కపాలం:
మొదటిది వద్దండీ. బీసీఐ కాంపిటీషన్ 4లోని 2ఏ డేటాసెట్ తెలుసుగా? తొమ్మిది మంది, 22 ఈఈజీ ఎలక్ట్రోడ్లు, ఊహించాల్సినవి నాలుగు: ఎడమ చేయి, కుడి చేయి, పాదాలు, నాలుక. 2008 నుంచి అదే తొమ్మిది మంది మెదళ్లను పిండుతున్నాం, పేపర్‌కో అర శాతం యాక్యురసీ చొప్పున! నిజంగా వాడేటప్పుడు, మెదడుతో కదిపే కర్సర్ తప్పుదారి పట్టగానే మనిషి తన ఊహను మార్చుకుంటాడు, దాంతో సిగ్నలూ మారుతుంది. ఆ సర్దుబాటు ఎప్పుడో రికార్డు చేసిన ఫైల్లో ఎలా దొరుకుతుంది?

డీకోడర్:
అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. 2023లో స్టాన్‌ఫర్డ్ బృందం ఏఎల్‌ఎస్ (కండరాలు చచ్చుబడే నరాల జబ్బు) ఉన్న ఒకరి మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చి, మాట్లాడే ప్రయత్నాన్ని నిమిషానికి 62 పదాల వేగంతో డీకోడ్ చేసింది. 1,25,000 పదాల పదకోశంతో పదాల్లో తప్పులు 23.8 శాతం. డేటా బయటపెట్టి పోటీ నిర్వహించాక, ఆ వ్యక్తిని ఒక్కసారీ చూడనివాళ్లు మోడల్‌ను మెరుగుపరిచారు. ఇంప్లాంట్ ల్యాబ్‌లో సీటు ఎంతమందికి దొరుకుతుంది?

కపాలం:
మంచి ఉదాహరణే, కానీ నా మాటకే బలం. ఆ మోడల్‌లో ఒక్కో రోజుకు వేరే ఇన్‌పుట్ లేయర్ (సిగ్నల్‌ను మొదట అందుకునే పొర) పెట్టారు. ఎలక్ట్రోడ్ కాస్త జరిగినా వినిపించే న్యూరాన్లు మారిపోతాయి కాబట్టి. పక్కన కూర్చుని రికార్డు చేసేవాళ్లకు ఈ తలనొప్పి మొదటి వారంలోనే తెలుస్తుంది.

జెల్‌సిరంజి:
నేను ఈఈజీ క్యాప్ పెట్టే మనిషిని. జెల్ ఎండితే ఇంపీడెన్స్ (సిగ్నల్‌కు అడ్డు) పెరుగుతుంది. దవడ బిగిస్తే కండరాల నాయిస్, కదలికతో ముడిపడ్డ మెదడు తరంగాలుండే బీటా బ్యాండ్‌ను ముంచేస్తుంది. మీ నెట్‌వర్క్ 'కుడి చేయి' అని పట్టుకున్నది కంటి కదలికేమో చూశారా? అయినా డీకోడర్ గారి మాటలోనూ నిజముంది. రెండేళ్ల కాంట్రాక్ట్‌లో అనుమతులకే ఏడాది పోతే తర్వాతి ఉద్యోగానికి ఏం చూపిస్తారు? ఆ టెన్షన్ చిన్నది కాదు. మొదటి ల్యాబ్‌లోనే ఆన్‌లైన్ (ఎదుట మనిషి ఉండగా అప్పటికప్పుడు డీకోడ్ చేసే) సెషన్లు కుదురుతాయేమో అడగండి. ఈఈజీకి సర్జరీ అక్కర్లేదు కదా.

ఆల్ఫాతరంగం:
అడిగాను. "చూద్దాం" అన్నారు.

జెల్‌సిరంజి:
అయితే ఈఈజీ రికార్డు చేసే యాంప్లిఫయర్ ఉందా, ఎథిక్స్ దరఖాస్తు ఇప్పటికే పెట్టారా, ఈ రెండూ మెయిల్‌లో అడగండి. జవాబు వచ్చేదాకా సంతకం పెట్టకండి.